ఏడో పాఠంలో ఖాళీ

పన్నెండేళ్లు చేసిన ఉద్యోగం పోయిన నెలతో అయిపోయింది. నేను మానలేదు, నన్నెవరూ తీసేయలేదు. ఆ పనే ఆగిపోయింది. నా వయసు ముప్పై మూడు. మా అమ్మ మాత్రం ఎల్బీ నగర్‌లో మా వాడకట్టు వాళ్లందరికీ మా పిల్ల రిటైరైందని చెబుతోంది. మొదట సిగ్గనిపించింది గానీ, ఆలోచిస్తే అంతకంటే సరైన మాట నాకూ దొరకలేదు.

నా పని పేపర్లు దిద్దడం. బడిలోనో కాలేజీలోనో కాదు. పోస్టులో నడిచే బైబిల్ కోర్సులో. ఇప్పుడా కోర్సు ఫోనులోకి వెళ్లిపోయింది. ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌లోని ఒక ఫ్లాటుకు మారింది. ఫోనులో వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవ్వడానికి ఇద్దరు అమ్మాయిలను తీసుకున్నారు. వాళ్లకు పని అప్పజెప్పమని నన్నడిగారు. నాకు నలుగురిలో మాట రాదు. ఇద్దరి ముందు కూడా సరిగా రాదు. రాయమంటే రాస్తాను. పాఠాలు, నంబర్లు, రిజిస్టర్లు ఎక్కడున్నాయో వేరే కాగితం మీద రాసి బీరువాకు అంటించాను. ఇది దాంట్లో రాయలేని సంగతి.

పని ఎలా ఉండేది

బస్టాండు వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య మేడ మీద రెండు గదులు. కింద జిరాక్సు షాపు. కిటికీ తెరిస్తే ఒక పక్కనుంచి గ్రూప్స్ క్లాసు, ఇంకో పక్కనుంచి బ్యాంకు పరీక్షల లెక్కలు వినిపించేవి. పన్నెండేళ్లలో నేను ఏ పరీక్షా రాయలేదు గానీ, మొగలుల పరిపాలన మొత్తం రెండుసార్లు విన్నాను.

కోర్సుకు పన్నెండు పాఠాలు. ఒక్కో పాఠం చిన్న పుస్తకం. చివరి కాగితం మీద ప్రశ్నలు ఉండేవి. విద్యార్థి ఆ కాగితం చింపి, జవాబులు రాసి, కవరులో పెట్టి పంపేవాడు. మేం ఎర్ర పెన్నుతో దిద్ది మార్కులు వేసి, తర్వాతి పాఠం పంపేవాళ్లం. అసలు కాగితాలు మా దగ్గరే ఫైల్లో ఉండేవి. పన్నెండూ పూర్తయ్యాక సర్టిఫికెట్టుతో పాటు ఆ కాగితాలన్నీ తెల్లదారంతో కుట్టి విద్యార్థికి తిరిగి పంపడం మా ఆఫీసు ఆనవాయితీ. ఈ ఆనవాయితీని గుర్తుపెట్టుకోండి. నా తప్పు దీనివల్లే బయటపడింది.

రాసేవాళ్లు అన్ని రకాల వాళ్లు. పల్లెల్లో చర్చి సంఘస్థులు, హాస్టలు పిల్లలు, జైల్లో ఉన్నవాళ్లు, క్రైస్తవులు కానివాళ్లు కూడా. కవర్లు తెరిచి నంబర్లు వేసే పని విజయక్కది. ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కవరు దేనితో అంటించారో చూసి ఏ జిల్లానో చెప్పేది. మెతుకులతో అంటిస్తే ఫలానా వైపు, బంకతో అంటిస్తే ఫలానా వైపు అని. సగం సార్లు తప్పేది. అయినా ఆపేది కాదు.

జవాబులు చాలావరకు ఖాళీలు పూరించడమే. మా దగ్గర జవాబుల పట్టిక ఉండేది. దాన్ని మేమూ పక్క కోచింగ్ వాళ్లలాగే కీ అనేవాళ్లం. కీలో ఉన్న మాట రాస్తే టిక్కు, లేకపోతే ఇంటూ. తెలివైన అమ్మాయి గంటకు నలభై కాగితాలు దిద్దగలదు. నేను మూడో నెలలోనే యాభై దిద్దాను, అందుకు గర్వపడ్డాను కూడా.

ఏడో పాఠం యేసు గురించి. అందులో నాలుగో ప్రశ్న ఇది: "యేసు ఎవరని మీరు నమ్ముచున్నారు? యేసు ____________." కీలో జవాబు: దేవుడు. మిగతా ఏ ప్రశ్న తప్పినా మార్కులు తగ్గేవి, అంతే. ఈ ఒక్క ప్రశ్న తప్పితే, లేదా వదిలేస్తే, ఆ పాఠం వెనక్కి వెళ్లేది, తర్వాతి పాఠాలు మాత్రం ఆగేవి కావు. అది సరిగా రాస్తే తప్ప సర్టిఫికెట్టు రాదు.

తొమ్మిదో నంబరు

కాగితం వెనక "మీ ప్రశ్నలు" అని ఒక గడి ఉండేది. దాంట్లో ఎక్కువమంది రోగాల గురించి, పెళ్లిళ్ల గురించి, ప్రార్థన చేయమని రాసేవాళ్లు. కొందరు నిజంగా ప్రశ్నలే అడిగేవాళ్లు. ఒక్కొక్కరికి జవాబు రాసే తీరిక లేదు కాబట్టి ఇరవై రెండు రకాల స్లిప్పులు అచ్చువేయించి పెట్టారు. సృష్టి గురించి అయితే మూడో నంబరు. బాధల గురించి అయితే ఆరు. యేసు దేవుడెలా అయ్యాడు, ఆ మాట బైబిల్లో ఎక్కడుంది, ఎవరు నిర్ణయించారు అని అడిగితే తొమ్మిది.

తొమ్మిదో నంబరు స్లిప్పు నాకు ఇప్పటికీ నోటికొస్తుంది. ప్రవక్తలు ముందే చెప్పారు, అద్భుతాలు చేశాడు, మరణాన్ని జయించి లేచాడు, కాబట్టి సందేహించక ప్రార్థనలో కనిపెట్టండి, అంటే ఎదురుచూడండి, అని సారాంశం. అందులో ఒక్క మాట కూడా నేను తప్పు అనను. కానీ అది అడిగినదానికి జవాబు కాదు. అడిగినవాళ్లు ఎప్పుడు, ఎవరు, ఎలా తెలిసింది అని అడుగుతారు. స్లిప్పు నమ్మండి అంటుంది. ఆరేళ్లలో ఆ స్లిప్పు కొన్ని వందల మందికి పంపి ఉంటాను. వాళ్లలో చాలామంది మళ్లీ రాయలేదు. తృప్తిపడ్డారని అప్పట్లో అనుకునేదాన్ని.

రాజమ్మగారి కాగితం

నేను చేరిన ఆరో ఏడు, ఇబ్రహీంపట్నం దాటాక ఒక ఊరి నుంచి రాజమ్మ అనే ఆవిడ కోర్సు మొదలుపెట్టారు. ఆమె సంగతి ఆమె అనుమతితోనే రాస్తున్నాను. యాభై దాటిన మనిషి. ఏడో తరగతి దాకా చదివారు. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని. వాళ్ల నాయనమ్మ కాలం నుంచి క్రైస్తవులే. ఎన్నో ఏళ్లుగా జబ్బుపడిన వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చుని ప్రార్థన చేసేవారు. అలా చేసేవాళ్లను సంఘంలో బైబిల్ స్త్రీ అంటారు. ఆమెను ఊరంతా అలాగే చూసేది గానీ ఆ పేరు ఎవరూ ఇవ్వలేదు. ఆ ఏడు వాళ్ల పాస్టరు గారు సర్టిఫికెట్టు ఉన్నవాళ్లనే బైబిల్ స్త్రీగా నియమిస్తామన్నారు. అందుకే ఆమె మా కోర్సులో చేరారు. ఈ సంగతి మొదటి పాఠం వెనక గడిలోనే రాశారు.

ఆరు పాఠాలకూ మంచి మార్కులు. గుండ్రటి పెద్ద అక్షరాలు, నల్ల పెన్ను. ఏడో పాఠం వచ్చింది. అన్నీ రాశారు. నాలుగో ప్రశ్న దగ్గర ఖాళీ. వెనక గడి సరిపోక, అంచుల చుట్టూ కాగితం తిప్పి రాశారు.

వాళ్ల బడిలో సోషల్ సారు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకుంటున్నాడట. అన్నం తింటూ ఒకరోజు, మీ యేసును దేవుణ్ణి చేసింది మూడు వందల ఏళ్ల తర్వాత ఒక రాజు పెట్టిన సభలో, చేతులెత్తించి, అన్నాడట. వెక్కిరించడానికి కాదు, చదివింది చెప్పాడు. రాజమ్మగారికి జవాబు తెలియలేదు. ఆమె రాసింది ఇది:

"సారు అన్నది నిజమేనా? యేసు బతికున్ననాడు ఆయన ఎంబడి తిరిగినోళ్లకు ఈయన దేవుడని ఎరుకేనా? ఎరుకైతే ఎన్నడు ఎరుకైంది? నేను శిన్నప్పటిసంది దేవుడనే అంటున్న. కని ఎవలు జెప్తే అంటున్ననో ఎన్నడు అడుగలే. తెలిసేదాక నాలుగో ప్రశ్న కాడ రాయ."

నేను తొమ్మిదో నంబరు స్లిప్పు పెట్టి, పాఠం వెనక్కి పంపాను.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. నాలుగో ప్రశ్న మళ్లీ ఖాళీ. స్లిప్పును మడిచి అందులోనే తిరిగి పెట్టారు. దాని వెనక ఒక్క ముక్క: "ఇది అచ్చేసిన కాయితం. ఇది నా ప్రశ్నను సూడలే."

ఆ మాట చదివి కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. నాకు జవాబు తెలియదని అప్పుడే తెలిసింది. పధ్నాలుగేళ్లప్పుడు బాప్తిస్మం తీసుకున్నాను. మా నాన్న హయత్‌నగర్ డిపోలో మెకానిక్కు, సంఘంలో పెద్ద. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. నేను పుస్తకాలు చదువుతాను, కానీ ఆ వైపు చదవలేదు. ఎందుకు చదవలేదో ఇప్పుడు తెలుసు. భయం.

ఆమె మిగతా ఐదు పాఠాలూ పూర్తిచేసి పంపారు. ఏడో పాఠం మాత్రం అలాగే ఉంది. సంఘంలో ఆ నియామకాలు జరిగే కూడిక దగ్గరపడింది. సర్టిఫికెట్టు వచ్చిందా అని వాళ్ల పాస్టరు గారు రెండుసార్లు ఆఫీసుకు ఫోను చేశారు. ఒక్క ఖాళీ కోసం ఆమెకు ఆ పని పోతుందని నాకు పరేషాన్ పట్టుకుంది. ఇన్నేళ్లుగా చేస్తున్న పనికి పేరు రావడానికి అడ్డం ఒక్క మాట.

ఒక మధ్యాహ్నం, విజయక్క అన్నానికి వెళ్లినప్పుడు, ఆ కాగితం తీసి ఖాళీలో నేనే రాశాను. గుండ్రంగా, ఆమె అక్షరాల్లాగే. పక్కన ఎర్ర టిక్కు పెట్టాను. సర్టిఫికెట్టు రాయించి, పన్నెండు కాగితాలూ దారంతో కుట్టి, నేనే వెళ్లి పోస్టు చేశాను. ఆ రోజు డైరీలో ఒక మంచి పని చేశానని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చింపలేదు.

ఆమె రావడం

పదిరోజుల తర్వాత, సోమవారం, మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడైంది. ఒక పొడుగాటి మనిషి, చేతిలో గుడ్డసంచి, గుమ్మంలో నిలబడి, ఏడో పాఠం దిద్దేటోళ్లు ఎవలు అని అడిగింది. విజయక్క నన్ను చూపించింది. అలాంటప్పుడు నేను మామూలుగా బీరువా వెనక్కి వెళ్లిపోతాను. ఆ రోజు లేచేలోపే ఆమె బల్ల దగ్గరికి వచ్చేసింది.

రాజమ్మగారు నా బల్ల ముందు కూర్చుని, ముందు సంచిలోంచి జామపండ్లు తీసి పెట్టారు. తర్వాత దారంతో కుట్టిన కాగితాలు. ఏడోది తిప్పి వేలు పెట్టారు.

"ఇది నువ్వు రాసినవా బిడ్డా?"

తల ఊపాను.

"నేను రాసింది నల్ల పెన్ను. ఇది నీలం. దొంగతనం జేసినా సక్కగ జేస్తలేరు గీ పట్నపోళ్లు."

విజయక్క నవ్వింది. నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. ఆమెకు అప్పటిదాకా సంగతి తెలియదు.

తప్పైంది పెద్దమ్మా, మీకు ఆ పని పోతదని చేసిన అన్నాను. ఆ మాత్రం మాట రావడమే గొప్ప.

"నా మీద దయతోనే జేసినవ్. నాకు సమజైంది," అన్నారామె. "కని జర ఆలోచించు. నేను పోయేది సావు దగ్గరున్నోళ్ల కాడికి. చెయ్యి పట్టుకుంటె ఆళ్లు అడుగుతరు, అక్కా, గాయిన నిజంగ దేవుడేనా అని. పాస్టరు సారును అడుగరు, నన్ను అడుగుతరు. అప్పుడు నీ రాత జూపెట్టాల్నా ఆళ్లకు?"

ఆమె సర్టిఫికెట్టు కూడా తీసి, ఆ కాగితాల మీద పెట్టి, నా వైపు జరిపారు. దానికోసమే ఏడాదిగా రాసిన మనిషి. దాన్ని వాళ్ల పాస్టరు గారికి చూపించనైనా లేదు.

లేవబోతూ అడిగారు. "నా కాయితంల రాసినవ్ సరే. నీ కాయితంల రాసుకున్నవా?"

అప్పుడు అర్థం కాలేదు. ఆమె దిగి వెళ్లాక అర్థమైంది. ఆరేళ్లుగా ఏడో పాఠం దిద్దుతున్నాను. నేనెప్పుడూ ఆ కోర్సు చేయలేదు. ఆ ఖాళీ నన్నెవరూ అడగలేదు.

అయ్యగారు

మా ఆఫీసు పెద్ద సామ్యేలు అయ్యగారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, ఒకప్పుడు హైస్కూలు మేష్టారు. ఆ కోర్సు మొదలైనప్పుడు పాఠాలు రాసింది ఆయనే. నాలుగో ప్రశ్న కూడా ఆయనదే. సాయంత్రం ఆయన గదిలోకి వెళ్లి కాగితం ముందు పెట్టి, చేసింది చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

ఆయన కళ్లజోడు తీసి కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఎన్నేళ్లయిందమ్మా నువ్వు దిద్దబట్టి?"

"ఆరేళ్లండి."

"ఏడో పాఠం నాలుగో ప్రశ్న తప్పినవాళ్లు ఎంతమంది ఉంటారు?"

"ఎవరూ లేరండి. ఈవిడొక్కరే."

"నాకు ముప్పై ఏళ్లయింది. నాకూ ఈవిడొక్కరే." కాగితం బల్ల మీద పెట్టారు. "ముప్పై ఏళ్లలో ఒక్కరూ తప్పలేదంటే మనం ప్రశ్న అడగలేదన్నమాటమ్మా. చెప్పించుకున్నాం. ఆ ఖాళీలో ఏం రాయాలో పై పేరాలో మనమే రాసి పెట్టాం గదా. నువ్వు చేసింది తప్పే. కానీ నేను మొదలుపెట్టిన పనినే నువ్వు కాస్త ముందుకు తీసుకెళ్లావు."

సర్టిఫికెట్టు రద్దు చేశారు. జరిగింది ఆఫీసు తప్పేనని, రాజమ్మగారిది కాదని వాళ్ల పాస్టరు గారికి ఉత్తరం రాశారు. నాకు ఒక శిక్ష వేశారు. ఆవిడ ప్రశ్నకు స్లిప్పు లేకుండా నువ్వే జవాబు రాయి అన్నారు. తెలిసింది తెలిసినంత రాయి, తెలియనిది తెలియదని రాయి, కింద నీ పేరు పెట్టు. మా స్లిప్పుల మీద ఎవరి పేరూ ఉండదు. ఆరేళ్లలో ఆ ఆఫీసు నుంచి నా పేరుతో ఒక్క కాగితమూ వెళ్లలేదు.

ఆయన గురించి ఇంకో మాట కూడా రాయాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది. ఆయన కీ మార్చలేదు. పైన కమిటీ ఉంది, వాళ్లు ఒప్పుకోరు అని రెండుసార్లు అన్నారు. అడిగి చూశారో లేదో నాకు తెలియదు. చూపు తగ్గి ఆయన పని మానేసేదాకా ఆ ప్రశ్న అలాగే ఉంది, అందరూ అలాగే రాశారు, మేం అలాగే టిక్కులు పెట్టాం. మంచి మనిషికి కూడా తన చేత్తో రాసిన పాఠాన్ని కొట్టేయడం కష్టం.

రాజమ్మగారికి ఆ ఏడు నియామకం రాలేదు. వాళ్ల సంఘంలోనే ఇరవై ఏళ్ల అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి మా విద్యార్థినే. ఏడో పాఠం నాలుగో ప్రశ్నకు నేనే టిక్కు పెట్టాను.

నా చేతిరాతతో

జవాబు రాయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక కోఠీలో పాత పుస్తకాల బండ్ల దగ్గరికి వెళ్లేదాన్ని. చాలావరకు ఇంగ్లీషు పుస్తకాలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, డైరీలో తెలుగులో రాసుకునేదాన్ని. నమ్మేవాళ్లు రాసినవి, నమ్మనివాళ్లు రాసినవి రెండూ. ఇంట్లో అట్టలు వేసి పెట్టాను, నాన్నకు పేర్లు కనిపించకుండా.

చివరికి రాసింది ఇంతే. సారు చెప్పింది సగం నిజం. ఆ సభ జరిగింది, రాజే పిలిచాడు. కానీ యేసు మామూలు మనిషా దేవుడా అని అక్కడ చేతులెత్తలేదు. వాదించుకున్న రెండు పక్షాలూ అప్పటికే ఆయనను ఆరాధిస్తున్నాయి. తండ్రితో సమానమా, లేక తండ్రి చేత అన్నిటికంటే ముందు కలిగినవాడా అన్నది గొడవ. మాటలు అక్కడ ఖాయమయ్యాయి, ఆరాధన అంతకుముందే ఉంది. ఎంత ముందు? పౌలు ఉత్తరాలు సిలువ తర్వాత ఇరవై ఏళ్ల చిల్లరకే రాసినవి. వాటిలోనే యేసును దేవుని పక్కన నిలబెట్టి మాట్లాడిన చోట్లు ఉన్నాయి. ఇంకొక వైపు కూడా రాశాను. సువార్తల్లో ముందు రాసినదని ఎక్కువమంది అనుకునేదాంట్లో యేసు నేను దేవుణ్ణి అని చెప్పుకుంటూ తిరగడు. నన్ను మంచివాడనడం దేనికి, మంచివాడు దేవుడొక్కడే అన్న అర్థం వచ్చే మాట కూడా అంటాడు. అన్నిటికంటే ఆలస్యంగా రాసినదాంట్లో చాలా బాహాటంగా చెబుతాడు. వెంట తిరిగినవాళ్లకు ఎప్పుడు తెలిసింది అన్నదానికి, ఆయన లేచాడని నమ్మిన తర్వాతే అని చాలామంది అంటారు. ముందే తెలుసని కొందరు అంటారు. నాకు తెలియదు. చివర ఇంకో వాక్యం: వాళ్లు చాలా తొందరగా నమ్మారని చరిత్ర చెప్పగలదు, వాళ్లు నమ్మింది నిజమో కాదో చరిత్ర చెప్పలేదు.

పేరు పెట్టాను. కవరులో కొత్త ఏడో పాఠం కూడా పెట్టాను.

ఆ ఉత్తరంలో ఒక తప్పు దొర్లింది. పౌలు ఉత్తరాల్లో ఒకచోట వచ్చే మాటలు అంతకంటే పాత పాట అని, ఇది పండితులందరూ ఒప్పుకున్నదేనని రాశాను. రెండు నెలల తర్వాత ఇంకో పుస్తకంలో, అందరూ ఒప్పుకోలేదని, ఆ మాటలు ఆయనే రాశాడనేవాళ్లూ ఉన్నారని చదివాను. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఇబ్రహీంపట్నం అవతల ఆ పుస్తకం ఎవరు చదువుతారు? రెండు రోజులు ఊరుకున్నాను కూడా. మూడో రోజు ఇంకో ఉత్తరం రాశాను, "అందరూ" అన్నది తప్పు, "చాలామంది" అని చదువుకోండి అని.

దానికి వచ్చిన జవాబు నా పన్నెండేళ్లలో నాకు దొరికిన ఒకే ఒక్క సర్టిఫికెట్టు. "తప్పైందని రాసినవ్ గనుక మిగతది నమ్ముతున్న," అని రాశారు. కింద ఇంకో వార్త. అన్నం వడ్డిస్తూ ఆ ఉత్తరం సంగతి సారుకు చెప్పారట. ఆయన పప్పు పోయించుకోవడం మర్చిపోయి, ఉత్తరం తెచ్చి చూపించమన్నాడట. నోట్సులో రాసుకుంటానని జిరాక్సు తీసుకున్నాడట. "నా దగ్గర సదువుకొని సారు నౌకరి కొడుతడేమో సూడాలె," అని రాశారు.

ఆ తర్వాత మూడేళ్లు ఉత్తరాలు నడిచాయి. ప్రతిసారీ ఏడో పాఠం కాగితం కూడా వచ్చేది, నాలుగో ప్రశ్న ఖాళీగా. నేను మార్కు వేయకుండా వెనక్కి పంపేదాన్ని. సంఘంలో ఆమెను తేడాగా చూసేవాళ్లున్నారని, స్త్రీల కూడికలో ముందు కూర్చోనివ్వడం లేదని ఒకసారి రాశారు. ఎదురు చెప్పలేదట. జబ్బుపడిన వాళ్లు మాత్రం ఆమెనే పిలిపించుకునేవాళ్లు.

తర్వాత ఒకసారి వచ్చిన కాగితంలో ఖాళీ లేదు. నల్ల పెన్ను, గుండ్రటి అక్షరాలు. కీలో ఉన్న మాటే. వెనక ఇలా రాశారు:

"నీ ఉత్తరాలు సదివి రాయలే. ఏమనుకోకు. మా పక్కింటి ముసలమ్మను దవాఖానల నుంచి ఇంటికి తెచ్చినంక నా చెయ్యి ఇడువలే. గాయిన నిజంగ దేవుడేనా రాజమ్మా అని అడిగింది. నేను అవునన్న. నోట్లకెంచి అచ్చినంక నాకే ఎరుకైంది నేను గట్ల నమ్ముతున్ననని. నీ ఉత్తరాలు లేకుంటె అప్పుడు గూడ మందిమాటనే చెప్పుతుంటి. నోటితోని అన్నంక కాయితం మీద దాసిపెట్టుడేంది."

దానికి నేను టిక్కు పెట్టాను. అంతకుముందు పెట్టిన వేల టిక్కుల్లో ఎన్నింటికి అర్థముందో నాకు తెలియదు. ఈ ఒక్కదానికి ఉంది. సర్టిఫికెట్టు పంపాం. అప్పటికి బైబిల్ స్త్రీగా ఆ అమ్మాయే ఉంది. రాజమ్మగారు దాన్ని డబ్బాలో పెట్టానని, ఆ అమ్మాయికి ఇళ్లకు వెళ్లడం భయమైతే తోడు వెళ్తున్నానని రాశారు.

మీ ఇద్దరికీ

మీకు ఫోనులో సిద్ధంగా ఉన్న జవాబులు ఇచ్చారని విన్నాను. ఒక గుర్తు నొక్కితే మొత్తం వెళ్లిపోతుందట. యేసు దేవుడా అన్నదానికి ఇచ్చినది చూశాను. అది తొమ్మిదో నంబరు స్లిప్పే, అక్షరం మారలేదు. పంపాల్సి వస్తే పంపండి, రోజుకు వందల మంది అడుగుతారు కాబట్టి తప్పదు. కానీ మళ్లీ అడిగినవాళ్లకు అదే మళ్లీ పంపకండి. మళ్లీ అడిగేవాళ్లు తక్కువే. వాళ్లకు మీరే రాయండి, పేరు పెట్టండి. తప్పు రాస్తే తప్పని రాయండి. ఎవరి ఖాళీ వాళ్లకు వదిలేయండి. దయ చూపించాలని చెయ్యి లాగుతుంది. ఆ చేతిని బల్ల కింద పెట్టుకోండి.

ఇంకొకటి. ఎవరేం రాశారో బయట చెప్పకండి, ఇంట్లో కూడా. రాజమ్మగారి సంగతి చెప్పడానికి నేను ఉత్తరం రాసి అడిగాను.

ఆఫీసు ఖాళీ చేసిన రోజు మిగిలిపోయిన పాఠాల కట్టలు కింద జిరాక్సు షాపు వాళ్లు తీసుకెళ్లారు. ఏడో పాఠం ఒకటి నేను ఉంచుకున్నాను. నాగోల్‌లో ఒక స్కూలు లైబ్రరీలో చేరేదాకా నెల రోజులు తీరిక దొరికింది. ఇంట్లో కూర్చుని ప్రశ్నలన్నీ వరసగా రాశాను. నాలుగో ప్రశ్న దగ్గర పదకొండు రోజులు ఆగాను. పుస్తకాలకు వేసిన అట్టలు ఆ రోజుల్లోనే తీసేశాను. నాన్న ఒక పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పి, కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ కూర్చున్నాడు.

పన్నెండో రోజు ఖాళీలో రాశాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను. ఇంకొకరి జవాబు అడగకుండా చెప్పను కదా, నాదీ అంతే. కాగితం మడిచి కవరులో పెట్టి, నా ఎర్ర పెన్ను కూడా అందులోనే పెట్టి, దిద్దమని రాజమ్మగారికి పంపాను.

నిన్న తిరిగి వచ్చింది. కవరు మెతుకులతో అంటించి ఉంది. మిగతా ప్రశ్నలకు టిక్కులు, ఒకదానికి ఇంటూ కూడా. నాలుగో ప్రశ్నకు టిక్కూ లేదు, ఇంటూ లేదు. పక్కన గుండ్రటి అక్షరాలతో ఎర్రగా రాశారు:

"చేతిరాత నీదే."